తల్లికి మొదటి ఊపిరి

చిట్టా 1

నా పేరు మైలపల్లి అసిరమ్మ. చలిమడుగు ఉత్తరపు ఒడ్డున, కొత్తరేవులో గాలి గది నాది. అంటే నీళ్ళలోకి దిగేవాళ్ళ సిలిండర్లలో గాలి నింపేదాన్ని. ఇకమీదట రోజూ చిట్టా రాయాలని దక్షిణపు ఒడ్డు బోర్డువాళ్ళు హుకుం జారీ చేశారు. మా చలికాలపు వేడి దిమ్మలు తెస్తున్న పడవని ముంచింది వాళ్ళు, లెక్కలు చెప్పాల్సింది మేము. "ముంచారు" అనకూడదట. ఆ పడవలో మనుషులుండరు, దారి అదే చూసుకుంటుంది. మంచు పొగని చూసి ఒడ్డనుకుని గిరుక్కున తిరిగి బోల్తా కొట్టింది. సరే, అదే మునిగింది. రాశాను.

దిమ్మ ఒక్కొక్కటీ రుబ్బురోలంత ఉంటుంది. ఒకటి పెట్టుకుంటే నాలుగిళ్ళు చలికాలమంతా వెచ్చగా ఉంటాయి. అవి లేకపోతే మడుగు గడ్డకట్టేలోపు ఊరంతా దక్షిణపు శిబిరానికి పోవాలి. పడమటిరేవు వాళ్ళు కూడా "ఈ ఒక్క చలికాలానికే" అని మూటలు కట్టుకుని వెళ్ళారు. ఒక్కరూ తిరిగి రాలేదు. వాళ్ళ ఇంటి వాసాలు మేం పొయ్యిలో పెట్టుకుంటున్నాం. మా ఊరు ఊరుగా ఉండాలంటే దిమ్మలు పైకి రావాలి.

ఆ పడవ పోయి పోయి ముసలి ఓడ మీద పడింది. మడుగు అడుగున ఎప్పటిదో కొయ్య ఓడ ఒకటుంది, మా ముత్తాతల కంటే పాతది. ఇది ఉప్పునీరు కాదు, కొయ్యని తినే పురుగు లేదు, అడుగున ఎండైనా వానైనా నాలుగు డిగ్రీలే. అందుకే ఆ ఓడ తెరచాప స్తంభాలతో సహా అలాగే నిలబడి ఉంది. వంటగదిలో కంచాలు దొంతర పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయని మావాళ్ళు చెబుతారు. సరుకు పడవ దాని మీద పడి పొట్ట పగిలి, దిమ్మలన్నీ ఓడ అడుగు అరలోకి దొర్లిపోయాయి.

ఇన్నేళ్ళూ మేం ఎండాకాలంలోనే దిగేవాళ్ళం. భూమి వేడి తగ్గించాలని ఆకాశానికి తెర కట్టాక ఎండాకాలంలో ఎండ పెద్దగా లేదు గానీ, ఒడ్డున గాలైనా కాస్త మెత్తగా ఉండేది. ఇప్పుడు బయట మైనస్ ఎనిమిది. మునిగే పడవ మా వీలు అడిగి మునగదు కదా.

ఈ రోజు దానయ్య మావ, మా ఆయన కొర్లయ్య దిగారు. దానయ్య మావ మా అత్తకి తమ్ముడు, దిగేవాళ్ళందరికీ పెద్ద. మామూలు ప్రకారం మా అత్త ఎర్నమ్మ పడవ ముక్కున కూర్చుంది. ఇద్దరూ ఆమె ముందుకొచ్చి, గాలి ఇచ్చే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, గంగమ్మని తలుచుకుని, ఒక నిండు ఊపిరి పీల్చి వదిలారు. తల్లికి మొదటి ఊపిరి ఇవ్వనిదే మావాళ్ళు నీళ్ళలో కాలు పెట్టరు. సముద్రం మా పాత ఊరిని మింగకముందు నుంచీ ఉన్న ఆచారం.

మావ ఓడని చేరాడో లేదో అతని రెగ్యులేటర్ ఆగకుండా గాలి కక్కడం మొదలుపెట్టింది. చూస్తుండగానే సిలిండర్ ఖాళీ. మా ఆయన తన సిలిండర్‌కి అదనంగా ఉండే రెండో గొట్టం అతని నోట్లో కుక్కి పైకి తెచ్చాడు. పైకి రాగానే మావ సూటైనా విప్పకుండా నా గదికొచ్చాడు.

"ఏటే అసిరీ, గాలిలో నీళ్ళు కలిపినావేటి?"

"పాలలోనైతే కలుస్తాయి మావా, గాలిలో ఎలగ కలుపుతాను?" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

చిట్టా 2

గాలి మిషను మొత్తం విప్పాను. తేమ పీల్చే జాలీ కొత్తది వేశాను. ఇప్పుడు నా గాలి వేయించిన అప్పడమంత పొడిగా ఉంది. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

మా ఆయన, యల్లాజీ దిగారు. యల్లాజీ నాకు మరిది వరస, పాతికేళ్ళ కుర్రాడు, నోరు తెరిస్తే వేళాకోళమే. రెండు దిమ్మలు పైకొచ్చాయి. మూడోది తాడుకి కడుతుండగా ఈసారి మా ఆయన రెగ్యులేటర్ గాలి కక్కింది. యల్లాజీ రెండో గొట్టం అందుకుని మా ఆయన బయటపడ్డాడు.

సాయంత్రం రేవు పాకలో అందరూ కూర్చున్నారు. తప్పు ఒక్క రెగ్యులేటర్‌దైతే ఒక్కసారే జరగాలి, రెండు వేరు వేరు రెగ్యులేటర్లకి ఎలా వస్తుందని నేను అడుగుతూనే ఉన్నాను. నా మాట ఎవరికి కావాలి?

దానయ్య మావ తేల్చేశాడు. "ఏల కాని ఏలలో దిగుతున్నాం. తల్లికి కోపమొచ్చినాది. రేపటి కాడ్నించి ఒక ఊపిరి కాదు, మూడు."

అందరూ తలలూపారు. మా ఆయన అందరికంటే ముందు ఊపాడు. ఆయనకి ఈ విషయంలో పట్టుదల ఎక్కువ. వాళ్ళ నాన్న గున్నయ్యని నడిసముద్రం నుంచి గంగమ్మే పేరు పెట్టి పిలిచిందని మా ఊళ్ళో చెబుతారు. పాత ఊరి సముద్రంలో మునిగిన ఓడకి చిక్కుకున్న వలలు విడిపించడానికి దిగి ప్రాణంతో తిరిగి రాలేదు. మా పడవ పేరు కూడా గున్నయ్యే. మా అత్త మాత్రం తల ఊపకుండా నిప్పు ఎగదోస్తూ కూర్చుంది.

చిట్టా 3

ఈదురుగాలి. ఎవరూ దిగలేదు. ఒడ్డు వెంట మంచు పలక పట్టింది. "పురోగతి వివరించండి" అని బోర్డువాళ్ళు అడిగారు. మంచు బాగా పురోగమిస్తోంది.

చిట్టా 4

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

దానయ్య మావ, యల్లాజీ దిగారు. తలా మూడు ఊపిరులు, ఒకరి తర్వాత ఒకరు, నిండుగా ఇచ్చారు. యల్లాజీ ఓడ అడుగు అరలోకి దూరి, మిగిలిన దిమ్మలన్నిటినీ పాత వలలోకి చేర్చి మూతి బిగించాడు. దానికి గాలి సంచులు తగిలిస్తే మొత్తం మూట అదే పైకి తేలుతుంది, ఇంక అంతే పని. సంచులు అందుకునేలోగా ఇద్దరి రెగ్యులేటర్లూ ఒకేసారి కక్కాయి. బుడగలతో ఎదురుగా ఏమీ కనిపించలేదట. మావకి రెండో గొట్టం పనిచేసింది. యల్లాజీకి అదీ కక్కింది. దారిలో ఆగాల్సిన చోట ఆగకుండా ఒక్క ఊపున పైకొచ్చేశాడు.

అలా వస్తే ఒంట్లో గాలి బుడగ కడుతుంది. గాలి పెట్టెలో పడుకోబెట్టి లోపల ఒత్తిడి పెంచాను. అద్దంలోంచి నన్ను చూసి, "ఒదినా, కాళ్ళు ఉన్నాయో నేదో ఓపాలి సూసి సెప్పు" అన్నాడు. వేళాకోళంగానే అన్నాడు. కాళ్ళు ఉన్నాయి, కదలడం లేదు. నేను ఉన్నాయనే చెప్పాను.

వాళ్ళమ్మ వచ్చి పెట్టె పక్కన కూలబడింది. నన్నొక్క మాట అనలేదు, నావైపు చూడను కూడా లేదు. తిట్టినా బాగుండేది.

చిట్టా 5

నా గాలి మంచిదే. ఆ సంగతి నాకు ఖాయంగా తెలుసు. మరి తప్పు ఎక్కడుంది?

పొద్దున్న గాబు నిండా మడుగు నీళ్ళు తెచ్చి వాకిట్లో పెట్టాను. రెగ్యులేటర్లు ఒక్కొక్కటే సిలిండర్‌కి తగిలించి నీళ్ళలో ముంచి, మీట నొక్కి గాలి వదిలి చూశాను. బంగారంలా పనిచేశాయి. పాడైనవని పక్కన పడేసినవి కూడా పనిచేశాయి. నాకు మతిపోయింది. ఇక్కడ లేనిది పడవ మీద ఏముంది? అక్కడ మనిషి నోరు ఉంది.

ఒకటి తీసి, ఆ చలిలో నిలబడి, నోట్లో పెట్టుకుని మూడు నిండు ఊపిరులు పీల్చి వదిలాను. నీళ్ళలో ముంచాను. ఒక్కసారి బుస్సుమని కక్కడం మొదలుపెట్టింది, కట్టేస్తే తప్ప ఆగలేదు. విప్పి చూస్తే లోపలి బిళ్ళ కింద సన్నటి మంచు. ఊపిరిలో తడి ఉంటుంది. ఆ చలికి అది లోపలే గడ్డకట్టి బిళ్ళని తెరిచి పట్టుకుంటుంది. నీళ్ళలో మొహం పెట్టాక మొదటి ఊపిరి పీల్చినవి కక్కలేదు. మళ్ళీ మళ్ళీ చేసి చూశాను.

నేనే గెలిచానని చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాను. ఎందుకంటే, వాళ్ళని ముంచుతున్నది వాళ్ళు తల్లికిచ్చే ఊపిరి. కోపం తీర్చడానికి దాన్ని మూడింతలు చేశారు. యల్లాజీ కాళ్ళు పోయింది ఆ మూడింటికే.

దానయ్య మావని పిలిచి గాబులో చూపించాను. చాలాసేపు చూశాడు. "నువ్వు గాబుకి ఇచ్చినావు ఊపిరి, తల్లికి కాదు" అన్నాడు. "తల్లికి ఇచ్చినోడిని తల్లే ముంచుతాదేటి? నీ తప్పు గంగమ్మ నెత్తిన రుద్దకు."

మా ఆయనకీ చూపించాను. ఆయన గాబువైపు చూడలేదు, నావైపే చూశాడు. "మా అయ్య ఈ ఊపిరిచ్చే దిగినాడు అసిరీ. నానియ్యకపోతే ఆ పడవెక్కి ఏ మొకంతో కూకోను?"

చిట్టా 6

అత్త గాలి గదికి వచ్చింది. ఎప్పుడూ రాదు, మిషను మోతకి తలనొప్పి అంటుంది. తలుపు గడియ వేసి, గాబులో చేసింది మళ్ళీ చెయ్యమంది. చేశాను. బుస్సుమంది. అత్త సిలిండర్ మీద కూర్చుంది.

"అది గంగమ్మ అడిగింది కాదే. నానడిగింది" అంది.

నాకు అర్థం కాలేదు.

"మీ మావ పోయినప్పుడు సిలిండర్ మూత తిప్పనేదు. మూసున్న సిలిండర్‌తో దిగిపోయినాడు. శవానికి నీళ్ళు పోసినప్పుడు నానే సూసినాను. మరి ఆ ఏడే ఇంకో ముగ్గురు దిగుతున్నారు. నా తమ్ముడు ఒకడు. దిగేముందు ఓపాలి పీల్సి సూసుకోండ్రా బాబూ అంటే ఇన్నారేటి? ముండమోపి మాట ఎవుడింతాడు? అందుకని తల్లి కలలో కనపడి మొదటి ఊపిరి అడిగినాదని సెప్పినాను. దెబ్బకి ఇన్నారు. నా ఎదురుగా పీల్సి వదిలితే నాకు తెలుస్తాది కదా, గాలి ఒస్తందని."

మా తాతల నాటి ఆచారమని నేననుకున్నది మా అత్త వయసంత కూడా లేదు. ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో ఎవరు చెప్పగలరు? నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"అయితే ఇదే సెప్పు అత్తా, అందరికీ."

"ఎలగ సెప్పనే? మీ మావ మూత తిప్పడం మరిసిపోయి సచ్చినాడని సెప్పనా? నా కొడుకు తండ్రి పేరు పడవకి రాసుకున్నాడు." సిలిండర్ మీంచి లేచింది. "కల మళ్ళీ ఒచ్చిందంటాను. ఈసారి నీళ్ళలో మొకం పెట్టి ఇమ్మందంటాను."

నాకు ఆ ఉపాయం భలే నచ్చింది.

చిట్టా 7

ఉపాయం బెడిసికొట్టింది. అత్త పాకలో కల చెప్పింది. దానయ్య మావ వెంటనే అక్కని నిలదీశాడు.

"అప్పా, నలబై ఏళ్ళుగా పైన ఇస్తన్నాం. కోడలి మీద మాటొచ్చిన మర్నాడే తల్లి మనసు మార్సుకుందేటి?"

అత్త తెల్లబోయింది. తను చెప్పిన అబద్ధం తన కంటే పెద్దదైపోయింది, ఇప్పుడు తను చెప్పినా వినదు.

మంచు పలక రేవు మొగ దాకా వచ్చేసింది. రేపు ఒక్కరోజే పడవ కదులుతుంది. వల మూట అడుగున సిద్ధంగా ఉంది, సంచులు తగిలించాలి, అంతే. దానయ్య మావ, మా ఆయన దిగుతారు. మూడు ఊపిరులు ఇచ్చే దిగుతారు.

ఇంట్లో మేమిద్దరం కేకలేసుకున్నాం. గాలి నింపనన్నాను. నింపకపోతే పాతవి పట్టుకెళతానన్నాడు. సగం సిలిండర్లతో పంపే కంటే నయమని నేనే నింపాను. నాకు భయంగా ఉంది. బోర్డువాళ్ళకి ఈ మాట అక్కర్లేదు, అయినా రాస్తున్నాను. ఊరు పోతే ఇంకో ఊరు చూసుకుంటాను. ఈ మనిషి పోతే ఏం చేసుకోను?

నిజం చెప్పెయ్యమని అత్తని మళ్ళీ అడగలేదు. ఆమె గది ముందు నిలబడి, తలుపు కొట్టకుండా వెనక్కి వచ్చాను.

చిట్టా 8

మైనస్ పద్నాలుగు. గడ్డపారలతో మంచు పగలగొట్టుకుంటూ మునిగిన ఓడకి సరిగ్గా పైకి పడవని తెచ్చారు, ఈసారి నేనూ ఎక్కాను. రబ్బరు సూట్లు వేసుకుని ఇద్దరూ అత్త ముందుకొచ్చారు. మా ఆయన రెగ్యులేటర్ నోటి దాకా ఎత్తాడు.

అత్త లేచి దాని మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది తల్లి అడగనేదురా. నానే పుట్టించినాను."

"అమ్మా, బేగి కానీ, మంచు కమ్ముతాది."

"మీ అయ్యని గంగమ్మ పిలవనేదు" అంది అత్త. "మూత తిప్పకుండా దిగినాడు. అంతే."

దానయ్య మావ "అప్పా" అన్నాడు. ఆమె తమ్ముడివైపు తిరగలేదు.

"నడిసముద్రం కాదు, ఏటీ కాదు. ఒడ్డుకి పిలిస్తే పలికేంత దూరం. తల మీద జానెడు నీళ్ళు. నడుంకి సీసం గుళ్ళ పటకా. పీలిస్తే గాలి రానేదు. ఓపాలి పైకెగిరి సెయ్యెత్తి ఊపినాడు. నాను ఒడ్డున నిలబడి సూస్తన్నాను. ఎల్లొస్తాననీసి ఊపుతున్నాడనుకున్నాను." ఆమె గొంతు మామూలుగానే ఉంది, కూర ధర చెబుతున్నట్టు. "నానూ ఊపినాను. నువ్వు నా సంకలో ఉన్నావు. నీ సెయ్యి పట్టుకుని నీ సేత కూడా ఊపించినాను. మూడోనాడు అలలకి కొట్టుకుపోయి ఆ ఓడ కాడ వలల్లో దొరికితే, అంత దూరం ఎల్లినాడంటే తల్లే పిలిసిందన్నారు. నాను ఊరుకున్నాను."

మా ఆయన మొహం నేను ఇన్నేళ్ళలో అలా చూడలేదు. వాళ్ళమ్మని కొడతాడేమో అనిపించింది. ఒడిలో పడి ఏడుస్తాడేమో అనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. కళ్ళద్దాలు కిందికి లాక్కున్నాడు. రెగ్యులేటర్ చేత్తోనే పట్టుకుని పడవ పక్క నుంచి నీళ్ళలోకి జారాడు. మొహం ముంచాడు. అప్పుడు నోట్లో పెట్టుకుని పీల్చాడు. బుడగలు మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. దానయ్య మావ నోటి దాకా ఎత్తినది దించి, అతనూ అలాగే జారాడు.

నీళ్ళలోకి వెళ్ళేముందు అంతా బాగుందని చెయ్యెత్తి చెప్పడం మా వాళ్ళకి అలవాటు, అప్పుడు అత్త ఎప్పుడూ మొహం తిప్పేసుకునేది, ఈసారి తిప్పుకోలేదు. మా ఆయన తల కిందికి పోతుండగా, నీళ్ళలోంచి చెయ్యి పైకెత్తి ఊపాడు.

"లాగండ్రా!" అని అత్త అరిచింది. డెబ్భై ఏళ్ళ మనిషి, ఎముకలు తప్ప ఏమీ లేని మనిషి, కొడుకు నడుముకి కట్టిన తాడు పట్టుకుని పడవలో వెనక్కి పడి లాగింది. నేనూ పట్టుకుని లాగాను. మా ఆయన పడవకి కొట్టుకుని పైకి తేలి, నోట్లోది ఊసి కసిరాడు.

"ఏటమ్మా! బాగున్నానని సెయ్యెత్తినాను కదా!"

"ఎత్తకు" అంది అత్త. తాడు వదల్లేదు. "నా ముందర నీళ్ళలో సెయ్యెత్తకురా నాయినా. ఇంకేటైనా సెయ్యి."

ఆయన నీళ్ళలో వేలాడుతూ వాళ్ళమ్మ చేతుల్లో తాడువైపు చూశాడు. తర్వాత తాడుని రెండుసార్లు మెత్తగా గుంజాడు.

"ఇలగైతే?"

అత్త తల ఊపింది. నేను ఆయన రెగ్యులేటర్ మార్చి, కొత్తది చేతికిచ్చాను, మొహం ముంచాకే పెట్టుకోమని తిట్టి మరీ ఇచ్చాను. కిందికి వెళ్ళాడు. అత్త చేతిలో తాడు మధ్య మధ్య రెండుసార్లు కదిలేది. అలా కదిలిన ప్రతిసారీ ఆమె "ఊఁ" అనేది.

మధ్యాహ్నానికి వల మూట పైకి తేలింది. ఎవరి రెగ్యులేటరూ కక్కలేదు.

చిట్టా 9

బోర్డువారికి. దిమ్మలన్నీ అందాయి. కొత్తరేవు ఎక్కడికీ కదలడం లేదు. యల్లాజీ కుడికాలి బొటనవేలు కదిపాడు. దాన్ని ఊరంతటికీ పిలిచి చూపిస్తున్నాడు.

మా ఆయన వాళ్ళమ్మతో ఇంకా సరిగ్గా మాట్లాడడం లేదు. పడవ మీది పేరు చెరిపేస్తాడనుకున్నాను, చెరపలేదు. రాత్రి అన్నం దగ్గర అత్త కంచంలో చేప తల తనే వేశాడు.

ఈ రోజు నుంచి మా రేవులో కొత్త పద్ధతులు రెండు. సిలిండర్ మూత నేనే తిప్పి చూసి పంపుతాను, మొదటి ఊపిరి మొహం నీళ్ళలో పెట్టాకే. ఇది మూత గురించి, మంచు గురించి. రెండోది, నీళ్ళలో ఉన్నవాళ్ళు చెయ్యి పైకెత్తకూడదు. బాగుంటే తాడు రెండుసార్లు గుంజాలి.

రెండోదానికి కారణం రాయలేదేమని అడుగుతారని తెలుసు. రాబోయే తరాలవాళ్ళు అడగాలి కూడా, అందుకే రాస్తున్నాను. మా అత్త ఎర్నమ్మ అది చూసి తట్టుకోలేదు. అంతకు మించి ఏమీ లేదు. ఆమె పోయాక మీ ఇష్టం, చేతులు రెండూ ఎత్తి ఊపుకోండి. గంగమ్మ వద్దందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.